స్టెబిలైజర్ బార్ విప్పాలా, ఉంచాలా? కొరాపుట్ కొండదారుల్లో తిరిగేవాళ్లకు

వానలు తగ్గిన మొదటి నెలలో ఒడిశా కొరాపుట్ జిల్లాలోని నందపురం, పాడువా వైపు మట్టిదారులన్నీ ఒకే తీరుగా ఉంటాయి. వాలున పారిన నీరు ఎర్రమట్టిని కోసుకుపోయి, ఎడమ చక్రం వెళ్లే చోట మోకాలి లోతు గాడి చేస్తుంది. కుడి చక్రం వెళ్లే చోట బండరాయి బయటపడి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి బండి ఒక మూల పైకి లేచి, ఇంకో మూల చక్రం గాలిలో తేలుతుంది. తేలిన చక్రం ఊరికే గిరగిరా తిరుగుతుంది, బండి మాత్రం అంగుళం కదలదు. అప్పుడు బండిలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "స్టెబిలైజర్ బార్ విప్పేసి రావాల్సింది."

నేను జయపురంలో ఉంటాను. నాది మారుతి జిమ్నీ, మా బావది మహీంద్రా థార్, వీధి చివర ఉండే మిత్రుడిది కమాను పట్టీల పాత జీపు. మూడు బండ్లతోనూ ఈ కొండల్లో తిరిగాక ఈ బార్ విషయంలో నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. విప్పాలా వద్దా అన్నది ఎక్కే దారిని చూసి తేల్చుకోకూడదు, దిగి వచ్చే దారిని చూసి తేల్చుకోవాలి. మన దగ్గర ఏ మట్టిదారి పట్టుకున్నా, సాయంత్రానికి ఏదో ఒక ఘాట్ రోడ్డులోనే తేలతాం. రాళ్లలో అక్కరకొచ్చిన మెత్తదనమే ఘాట్ రోడ్డు మలుపులో ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ బార్ చేసే పని

బండి కింద అడ్డంగా, 'యు' ఆకారంలో వంగి ఉండే స్ప్రింగ్ ఉక్కు కడ్డీ ఇది. మన మెకానిక్‌లు స్టెబిలైజర్ బార్ అంటారు, కొందరు స్వే బార్ అంటారు. మధ్య భాగం రబ్బరు బుష్‌లతో ఛాసిస్‌కు పట్టి ఉంటుంది. రెండు కొసలూ లింక్ రాడ్ల ద్వారా రెండు వైపులా చక్రాల దగ్గరికి చేరతాయి. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కడ్డీ బుష్‌లలో తిరుగుతుంది అంతే, ఏమీ అడ్డుకోదు. ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోతేనే కడ్డీ మెలిపడుతుంది. ఆ మెలికకు ఎదురు తిరిగి రెండు చక్రాలనూ సమంగా ఉంచాలని చూస్తుంది.

రోడ్డు మలుపులో బండి బయటి వైపుకి వాలకుండా ఆపేది ఈ ఎదురు బలమే. గాడిలో ఒక చక్రాన్ని కిందికి దిగనీయకుండా పైన పట్టి ఉంచేదీ ఇదే. మంచీ చెడూ రెండూ ఒకే కడ్డీలో ఉన్నాయి, ఒకటి తీసి ఒకటి ఉంచుకోవడం కుదరదు.

కడ్డీ మందం గురించి కూడా చెప్పాలి. ఘాట్‌లో బండి వాలుతోందని కొందరు మందం బార్ వేయించుకుంటున్నారు. మెలికను ఎదిరించే బలం కడ్డీ వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల కడ్డీ తీసి అదే ఉక్కుతో, అదే ఆకారంలో 25 మిల్లీమీటర్లది వేస్తే, మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ బిగువు దాదాపు మూడింట రెండు వంతులు ఎక్కువవుతుంది. తారు రోడ్డుకే పరిమితమైన బండికి అది మేలేమో. నెలకు నాలుగుసార్లు రాళ్లలోకి దిగే బండికి మాత్రం ఆ పని చేయించకండి.

ముందు మీ బండి కింద చూడండి

పోలిక ఇక్కడే మొదలవ్వాలి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా పార్టులు కొనేస్తున్నారు.

ముందు చక్రాలు రెండూ ఒకే యాక్సిల్ హౌసింగ్‌కు పట్టి ఉంటే అది రిజిడ్ యాక్సిల్. జిమ్నీకి ముందూ వెనకా అదే, కాయిల్ స్ప్రింగుల మీద. ఇలాంటి బండిలో ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి నొక్కుకుంటుంది, యాక్సిల్ మొత్తం తక్కెడ కోలలా ఊగుతుంది. ఆ ఊపుకి ప్రధానంగా అడ్డు పడేది స్టెబిలైజర్ బార్. దాన్ని విప్పితే తేడా కళ్లకు కనిపిస్తుంది. జిమ్నీకి ఈ బార్ ముందు వైపే ఉంటుంది కాబట్టి విప్పే పని కూడా తక్కువ.

2020లో వచ్చిన థార్ సంగతి వేరు. ముందు డబుల్ విష్‌బోన్, అంటే ఏ చక్రం దారి దానిదే. వెనక మల్టీలింక్, అంటే కొన్ని కడ్డీలు పట్టి ఉంచే రిజిడ్ యాక్సిల్. బార్‌లు రెండు వైపులా ఉన్నాయి. ముందు బార్ విప్పినా చక్రం ఎంత దిగగలదో దాని ఆర్మ్ పొడవు, షాక్ అబ్జార్బర్ పొడవు నిర్ణయిస్తాయి. అందుకే లాభం కొద్దిగానే ఉంటుంది. రాళ్ల మీద తల అటూ ఇటూ కొట్టుకోవడం తగ్గుతుంది, చక్రం మాత్రం అనుకున్నంత దిగదు. మా బావ ఒక ఆదివారమంతా కూర్చుని ముందు బార్ విప్పి, కొలిచి చూసుకుని, సాయంత్రానికి మళ్లీ బిగించేశాడు. థార్‌లో నిజంగా తేడా రావాలంటే వెనక బార్ విప్పాలి. అది ఇంకో చిక్కు, దాని సంగతి కింద చెబుతాను.

ఫోర్స్ గూర్ఖా ఉన్నవాళ్లకు నా సలహా ఒక్క మాటలో: బార్ జోలికి వెళ్లకండి. ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్‌లు (యాక్సిల్ రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) ఉన్న బండికి ఒక చక్రం గాలిలో తేలినా పని ఆగదు. ఇక కమాను పట్టీల పాత జీపుల్లో చాలావాటికి ఈ బారే ఉండదు, విప్పడానికి ఏమీ లేదు.

మీ బండికి ఎంత లాభమో తెలియాలంటే ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. సమతలం మీద, గట్టి చెక్క దిమ్మెల మీదికి ఒక ముందు చక్రాన్ని నెమ్మదిగా ఎక్కించండి. అదే వైపు వెనక చక్రం కింద ఒక కాగితం పెట్టి, ఒక మనిషిని పక్కకు నిలబెట్టి చూడమనండి. కాగితం సులువుగా బయటికి వచ్చేస్తే ఆ చక్రం బరువు వదిలేసిందన్నమాట. అప్పుడు ముందు చక్రం ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి. బార్ విప్పి మళ్లీ చేయండి. తేడా రెండు వేళ్ల వెడల్పు కూడా లేకపోతే ఈ వ్యవహారమే మీకు అక్కర్లేదు. ఇటుకలు మాత్రం వాడవద్దు, బరువుకి పగిలిపోతాయి.

విప్పకుండా జరిగే పని ఎంత?

చాలా. కొత్తగా కొండదారి పట్టేవాళ్లు మొదట చేయాల్సింది టైర్ల గాలి తగ్గించడం. రాళ్లలో 18 నుంచి 20 పీఎస్ఐ దగ్గర టైరు రాయిని చుట్టి పట్టుకుంటుంది, కుదుపు తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. మామూలు రిమ్ములతో 15 కంటే కిందికి నేను పోను, టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపుకోవాలి కాబట్టి చిన్న కంప్రెసర్ బండిలో ఉండాలి. దీనికి పానా పట్టాల్సిన పని లేదు, బండి స్వభావమూ మారదు.

గాలి తగ్గించినా చక్రం తేలుతోందంటే రెండు మార్గాలున్నాయి. తేలిన చక్రాన్ని నేలకు దింపడం ఒకటి, అది బార్ విప్పితే జరుగుతుంది. చక్రం తేలినా నేల మీదున్న చక్రానికి శక్తి చేరేలా చూడడం రెండోది, అది డిఫరెన్షియల్ లాక్ చేస్తుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది. గాలిలో ఉన్న చక్రాన్ని తిప్పడానికి బలం అక్కర్లేదు కాబట్టి నేల మీదున్నదానికీ దాదాపు ఏమీ అందదు. ఆ తిరిగే చక్రానికి బ్రేకు వేసి అవతలి దానికి బలం మళ్లించే ఏర్పాటు జిమ్నీలో ఉంది. కాలు తీయకుండా యాక్సిలరేటర్ నిలకడగా పట్టి ఉంచితే అది అందుకుంటుంది. చాలామంది చక్రం తిరగ్గానే భయపడి కాలు తీసేస్తారు.

రెండింటిలో ఏది మేలంటే, ఒకే ఒక్క ఖర్చు పెట్టగలిగితే నేను లాక్ మీదే పెడతాను. అయినా లాక్ ఇవ్వలేనిది ఒకటుంది, నిలకడ. లాక్ ఉన్న బండి చక్రం ఎత్తుకుని వంకరగా, ఊగుతూ దాటుతుంది. బార్ విప్పిన బండి నాలుగు కాళ్లూ నేల మీద పెట్టి, పైభాగం పెద్దగా ఊగకుండా దాటుతుంది. నడుం నొప్పి ఉన్న మా అమ్మను ఊళ్లోకి తీసుకెళ్లేటప్పుడు ఆ తేడా నాకు బాగా తెలుస్తుంది. గంటకు పది కిలోమీటర్ల వేగంలో ఆవిడ తల కిటికీకి కొట్టుకోకుండా వెళ్లగలిగితే అది నాకు చిన్న విషయం కాదు.

విప్పే పద్ధతుల్లో ఏది?

మొదటిది, కంపెనీ లింక్ రాడ్‌నే పానాతో విప్పడం. ఖర్చు లేదు. ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే రాళ్లలోకి వెళ్లేవాళ్లకు ఇదే చాలు. చిక్కేమిటంటే నట్టు తిప్పితే లోపలి బాల్ జాయింట్ స్టడ్డు కూడా కలిసి తిరుగుతుంది. చాలా లింకుల్లో స్టడ్డు కొసకు ఎల్-కీ పట్టే గాడి ఉంటుంది, ఒక చేత్తో దాన్ని బిగబట్టి ఇంకో చేత్తో నట్టు తిప్పాలి. నైలాన్ రింగు ఉన్న నట్లు పదే పదే విప్పి బిగిస్తే పట్టు పోతుంది, కొత్తవి నాలుగు దగ్గర పెట్టుకోండి. బురదలో పడుకుని చేసే పని ఇది, ఆ ఓపిక ఉందో లేదో నిజాయితీగా చూసుకోండి.

రెండోది, పిన్నుతో ఊడే క్విక్ డిస్‌కనెక్ట్ లింకులు. పిన్ను లాగితే లింకు చేతికొస్తుంది, రెండు వైపులా కలిపి ఐదు నిమిషాల పని. తరచూ వెళ్లేవాళ్లకు, జిమ్నీ లాంటి బండికి నా ఓటు దీనికే. అయితే మన ఎర్రమట్టి వీటికి పెద్ద శత్రువు. సన్నటి దుమ్ము పిన్ను రంధ్రంలో చేరి, తడి తగిలి, గట్టిపడి, సుత్తితో కొడితే తప్ప రాదు. ప్రతి ప్రయాణం తర్వాతా కడిగి గ్రీజు రాయాలి. పిన్ను క్లిప్పు రాళ్లలో పడిపోకుండా సన్నటి గొలుసుతో బండికి కట్టి ఉంచాలి. కొనేటప్పుడు పొడవు సరిచేసుకునే వీలున్నవి తీసుకోండి. బండిని ఎత్తు పెంచి ఉంటే కంపెనీ లింకు పొట్టిదవుతుంది, బార్ చేతులు కిందికి వాలిపోతాయి. బండి మామూలుగా నిలబడినప్పుడు ఆ చేతులు ఇంచుమించు నేలకు సమాంతరంగా ఉండేలా లింకు పొడవు పెట్టుకోవాలి.

మూడోది, స్విచ్చు నొక్కితే విడిపోయేది. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో కంపెనీ నుంచే ఇది వస్తుంది. ఫోర్ వీల్‌లో ఉండగా బటన్ నొక్కితే ముందు బార్ మధ్యలో విడిపోతుంది, వేగం గంటకు సుమారు 29 కిలోమీటర్లు దాటితే తానే మళ్లీ కలుస్తుంది. డ్రైవర్ మరిచిపోయినా బండి మరిచిపోదు. టయోటా కొన్ని ల్యాండ్ క్రూజర్లలో కేడీఎస్ఎస్ పేరుతో ముందు, వెనక బార్‌లను నూనె ఒత్తిడితో అనుసంధానించి ఇదే పని స్విచ్చు లేకుండా చేసింది. అంత డబ్బు పెట్టగలవాళ్లకు ఇంత పోలిక అవసరం లేదు. కానీ తాను కలుపుకోవాలన్న ఆ ఆలోచన చూడండి, తయారుచేసినవాళ్లు దేనికి భయపడ్డారో అందులోనే ఉంది.

నాలుగోది, బార్‌ను శాశ్వతంగా పీకేయడం. బరువు తగ్గుతుందనీ, లింకుల టకటక శబ్దం పోతుందనీ గ్యారేజీల్లో ఈ సలహా ఇస్తుంటారు. మన జిల్లాల్లో నంబరు ప్లేటుతో రోడ్డెక్కే ఏ బండికీ ఇది వద్దు. ఏ మినహాయింపూ లేకుండా చెబుతున్నాను. టకటక శబ్దం వస్తోందంటే లింకు బాల్ జాయింటో, బుష్‌లో అరిగాయి. అవి మార్చడం చిన్న పని, దానికి బార్‌నే తీసేయకండి.

సుంకి ఘాట్‌లో ఆ సాయంత్రం

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. ఒక కార్తీకంలో పొట్టంగి పక్క కొండల్లో తిరిగి, రాత్రికి సాలూరులో పెళ్లికి అందుకోవాలి. ముందు బార్ విప్పి ఉంది. తారు రోడ్డు ఎక్కే చోట చినుకులు మొదలయ్యాయి. పక్కనున్న మిత్రుడు "కిందికి దిగాక కలుపుదాంలే" అన్నాడు, నేనూ సరేనన్నాను. పైన క్యారియర్ మీద సామాను ఉంది.

మొదటి రెండు మలుపులు బాగానే ఉన్నాయి. మూడో మలుపులో ఎదురుగా లారీ రోడ్డు మధ్యకు వచ్చింది. ఎడమకు తిప్పి వెంటనే కుడికి తిప్పాను. బండి పైభాగం ముందు ఒక వైపుకి ఒరిగి, తిప్పిన తర్వాత ఆలస్యంగా రెండో వైపుకి పడింది, ఆ ఊపులో వెనక చక్రాలు రోడ్డు అంచుకి జారాయి. లోయ వైపు గోడకు మూరెడు దూరంలో నిలిచాం.

అది నా భ్రమ కాదు, లెక్క ప్రకారమే జరిగింది. ముందు బార్ ఉన్నప్పుడు మలుపులో వాలుని ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలది. దాన్ని విప్పితే ఆ భారం వెనక చక్రాల మీదికి మారుతుంది. తడి రోడ్డులో వెనక భాగం ముందుగా పట్టు వదలడానికి సిద్ధంగా ఉంటుంది. థార్‌లో వెనక బార్ విప్పితే ఇందుకు విరుద్ధంగా, ముందు చక్రాలు పట్టు వదిలి బండి మలుపు తిరగకుండా నేరుగా పోజూస్తుంది. అదీ ఘాట్‌లో మంచిది కాదు. బండిలో ఈఎస్‌పీ, అంటే జారినప్పుడు తానే బ్రేకులు వేసి బండిని సరిచేసే ఏర్పాటు, ఉంది కదా అనుకోవద్దు. దాన్ని బార్ ఉన్న బండికి సరిపోయేలా అమర్చారు, మీరు విప్పిన సంగతి దానికి తెలియదు.

అక్కడే రోడ్డు పక్కన కలపబోయాం. ఒక లింకు కూర్చుంది, రెండోది వేలెడు దూరంలో ఆగిపోయింది. నేల వాలుగా ఉంటే అంతే, బార్ రెండు కొసలూ ఒక ఎత్తుకు రావు. ఫోన్ టార్చి వెలుగులో, వానలో, జాకీతో ఒక వైపు కొద్దిగా లేపి కూర్చోబెట్టేసరికి ముప్పావుగంట పట్టింది. పెళ్లికి అందుకోలేదు.

విప్పాలనుకుంటే ఇలా చేయండి

విప్పే చోటు సమతలంగా ఉండాలి, కలిపే చోటు కూడా. అందుకే కొండదారిలోకి వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణంలో కలపడానికి చదునైన చోటు ఒకటి చూసి పెట్టుకోండి. ఊరి సంత జరిగే మైదానం, బడి ముందు ఖాళీ స్థలం, అలాంటివి బాగుంటాయి. గెడ్డ ఒడ్డు వద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. వాలులో విప్పితే మెలిపడిన బార్ ఒక్కసారిగా విదిలించుకుంటుంది, వేళ్లు జాగ్రత్త.

ఒక వైపు లింకు విప్పినా బార్ పని ఆగిపోతుంది, కానీ రెండు వైపులా విప్పండి. వేలాడే కొస టైరుకో, బ్రేకు గొట్టానికో తగులుతుంది. బార్‌ను పైకెత్తి గట్టి పట్టీతో ఛాసిస్‌కు కట్టేయండి. స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని వంగి చూడండి.

చక్రం ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ దిగుతుంది. బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ అంత దూరం సాగుతాయా? ఎత్తు పెంచిన బండిలో కాయిల్ స్ప్రింగు కూర్చున్న చోటు నుంచి కదులుతోందా? మొదటిసారి విప్పినప్పుడు ఒక మనిషి కింద చూస్తుండగా నెమ్మదిగా గాడి దాటించి ఇవన్నీ సరిచూసుకోవాలి. బ్రేకు గొట్టం బిగుసుకుంటే అక్కడితో ఆపేయండి.

విప్పి ఉన్నంతసేపూ గంటకు 25, 30 కిలోమీటర్లు దాటవద్దు. ఒక పక్కకు వాలిన నేల మీద, అంటే కొండ వాలుకి అడ్డంగా వెళ్లే దారిలో, విప్పిన బండి లోయ వైపుకి ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. పైన క్యారియర్ మీద సామాను ఉంటే మరీను. అలాంటి దారి ఎక్కువున్న చోటికి బార్ ఉంచుకునే వెళ్లడం మేలు. దేవమాలి శిఖరం చూడ్డానికే వెళ్తుంటే ఈ గొడవే వద్దు, పైదాకా రోడ్డుంది.

ఇప్పుడు నా బండిలో పానాల సంచికి ఒక ఎర్రగుడ్డ ముక్క కట్టి ఉంటుంది. బార్ విప్పగానే ఆ గుడ్డ తీసి స్టీరింగ్‌కు చుడతాను. బార్ కలిపి, నట్లు చేత్తో ఒకసారి పట్టి చూసుకున్నాకే దాన్ని మళ్లీ సంచికి కడతాను. మర్నాడు పొద్దున చల్లటి బండి కింద పడుకుని ఆ రెండు నట్లనూ ఇంకోసారి పానాతో బిగించి చూస్తాను.